తీగ వాళ్ళది, పెట్టె ఎవరిది?

పిల్లలూ, మీ ఇంట్లో కేబుల్ టెలివిజను ఉంటే దాని పక్కనే ఒక చిన్న నల్లపెట్టె ఉండే ఉంటుంది. వీధిస్తంభం మీదినుంచి వచ్చిన తీగ ఆ పెట్టెలోకి పోతుంది. పెట్టెలోంచి ఇంకొక తీగ టెలివిజనులోకి పోతుంది. టెలివిజను మీ నాన్నగారు డబ్బుపెట్టి కొన్నది. వీధిలోని తీగ కంపెనీవాళ్ళది. మరి మధ్యనున్న పెట్టె సంగతి ఏమిటి? దాన్ని తీసేసి మనమే ఒక పెట్టె కొని పెట్టుకోవచ్చునా? తీగలో వచ్చిన బొమ్మను పట్టి దాచుకుని, పరీక్షలయిన తరవాత తీరికగా చూసుకోవచ్చునా?

ఇవి చూడటానికి చిన్న ప్రశ్నలే. కాని అమెరికా దేశంలో వీటికోసం ఏళ్ళ తరబడి తగాదాలు నడిచాయి. అందులో ఒకటి ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈ నెల ఆ కథ చెప్పుకుందాం.

అసలు కేబుల్ పుట్టటమే ఒకాయన తన సొంత సామాను తగిలించుకోవటంతో పుట్టింది. అమెరికాకు పడమటి తీరాన, ఆరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది సముద్రంలో కలిసేచోట ఆస్టోరియా అనే ఊరున్నది. 1948లో అక్కడ ఎడ్ పార్సన్స్ అనే ఆయన ఒక చిన్న రేడియో స్టేషను నడుపుతూండేవాడు. ఆయన భార్యకు టెలివిజను చూడాలని ఎంతో ముచ్చట. కాని ఆ చుట్టుపక్కల టెలివిజను స్టేషనే లేదు. ఆ ఏడు నవంబరులో సియాటిల్ నగరంలో ఒక స్టేషను ప్రారంభమయింది. సియాటిల్ దాదాపు 200 కిలోమీటర్ల దూరాన, కొండలకు అవతల ఉన్నది. టెలివిజను తరంగాలు ఇంచుమించు మన చూపులాగే తిన్నగా పోతాయి. కొండ అడ్డం వస్తే చాలామటుకు అక్కడే ఆగిపోతాయి.

పార్సన్స్ ఊరుకోలేదు. ఊళ్ళో ఎక్కడెక్కడ ఆ తరంగాలు అందుతాయా అని వెతికాడు. చివరకు తన ఇంటికి ఎదురుగా ఉన్న పెద్ద హోటలు కప్పుమీద అందాయి. అక్కడ ఏరియల్ కట్టి, తీగను వీధి మీదుగా తన ఇంట్లోకి లాక్కున్నాడు. బొమ్మ వచ్చింది! దాంతో ఆయనకు తన ఇంట్లో తనకే చోటు లేకుండా పోయింది. ఊళ్ళోవాళ్ళంతా టెలివిజను చూడటానికి వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ బాధ పడలేక ఆయన అదే తీగను హోటలుకూ, ఇరుగుపొరుగు ఇళ్ళకూ పొడిగించాడు.

1950లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాన్స్‌ఫర్డ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో రాబర్ట్ టార్ల్‌టన్ అనే దుకాణదారు కూడా ఇలాంటి పనే చేశాడు. ఆ ఊరు లోయలో ఉండటంచేత అక్కడ టెలివిజన్లు పనిచేసేవి కావు. పనిచెయ్యని టెలివిజను ఎవరు కొంటారు? అందుకని ఆయన మరి కొందరితో కలిసి కొండమీద ఏరియల్ పాతి, తీగ ఊళ్ళోకి దింపి, నెలకింతని రుసుము పుచ్చుకోసాగాడు. ఆ రోజుల్లో తీగ మాత్రమే కంపెనీది. దాన్ని తిన్నగా మన టెలివిజనుకు తగిలించుకోవటమే. మధ్య పెట్టె అనేది లేదు.

ఇప్పుడు ఒక తీగలో వందలకొద్దీ కార్యక్రమాలు వస్తున్నాయి గదా, అవి ఒకదానితో ఒకటి ఎందుకు కలిసిపోవు? ఒక్కొక్కదానికి ఒక్కొక్క దారి ఉన్నది గనక. అమెరికాలో ఒక్కొక్క దారి వెడల్పు 6 మెగాహెర్ట్జ్. పూర్వం ఒక దారిలో ఒకే కార్యక్రమం వచ్చేది. ఇప్పుడు బొమ్మనూ, శబ్దాన్నీ అంకెలుగా మార్చి పంపుతున్నారు గనక అదే దారిలో చాలా కార్యక్రమాలు పడుతున్నాయి. ఈ అంకెలు పంపే పద్ధతి చాలా తమాషాగా ఉంటుంది.

చదరంగం బల్లకు అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్ళుంటాయి. అడ్డంగా 16, నిలువుగా 16 గళ్ళున్న బల్లను ఊహించుకోండి. మొత్తం 256 గళ్ళు. తీగకు ఆ చివరనున్న యంత్రం ఒక్కొక్క క్షణాన ఒక్కొక్క గడిని చూపుతుంది. వేలుపెట్టి చూపదు. తరంగాన్ని రెండు పాళ్ళుగా పంపుతుంది. ఒక పాలు బలాన్నిబట్టి ఎన్నో అడ్డవరసో, రెండో పాలు బలాన్నిబట్టి ఎన్నో నిలువువరసో తెలుస్తుంది. 256 గళ్ళలో ఒకదాన్ని చూపామంటే సున్నాలూ ఒకట్లూ కలిసిన ఎనిమిది అంకెలు ఒక్కసారిగా చెప్పినట్టే. (ఎనిమిది రెళ్ళను వరసగా హెచ్చవేయండి, సరిగ్గా 256 వస్తుంది.) ఈ విధంగా సెకనుకు 53 లక్షల గళ్ళకు పైగా చూపుతుంది! తప్పులు దిద్దుకోవటానికి అయ్యే ఖర్చు పోను సెకనుకు దాదాపు 3 కోట్ల 88 లక్షల అంకెలు ఒక్క దారిలో వస్తాయి.

తీగకు మరబిగింపు వదులైతే టెలివిజనులో బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోవటం మీరు చూసే ఉంటారు. దానికి కారణం ఇదే. బయటి అలజడి లోపలికి చొరబడి ఒక గడికి బదులు పక్క గడిని చూపుతుంది. కొద్ది తప్పులైతే పెట్టె తానే దిద్దుకోగలదు. ఎక్కువైతే చేతులెత్తేస్తుంది. ఒక తీగను రెండుగా చీల్చి రెండు గదులకు లాగితే ఒక్కొక్క గదికి సగం బలంకన్న తక్కువే పోతుంది. ఆ సంగతి తెలియక చాలామంది టెలివిజనును తిట్టిపోస్తూంటారు.

నల్లపెట్టె చేసే పనులు మూడు. వందల దారుల్లో మనకు కావలసిన దారిని ఏరటం ఒకటి. అంకెలను కూర్చి మళ్ళీ బొమ్మ చెయ్యటం ఇంకొకటి. ఈ రెండూ ఎలా చెయ్యాలో అచ్చయిన పుస్తకాలలో ఉన్నది. తెలిసినవాళ్ళు ఎవరైనా అటువంటి యంత్రం చెయ్యవచ్చు. మూడోది తాళం తియ్యటం. డబ్బు కట్టనివాళ్ళు చూడకుండా కంపెనీవాళ్ళు ఆ అంకెలను తారుమారు చేసి పంపుతారు. వాటిని సరిచేసే తాళంచెవి కొద్ది సెకన్లకొకసారి మారిపోతూంటుంది. ఆ చెవి కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటుంది. కథలో చిక్కంతా ఈ మూడో పనిలోనే ఉన్నది. కాని దాని సంగతి ఆనక చెబుతాను. ముందు బొమ్మను దాచుకునే సంగతి చూద్దాం.

శబ్దాన్ని టేపుమీద పట్టటం తేలిక. బొమ్మను పట్టటం కష్టం. బొమ్మలోని కంపనాలు శబ్దంలోని వాటికన్న వందల రెట్లు వేగంగా ఉంటాయి. టేపును తలముందు అంత వేగంగా లాగితే గాని అవి టేపుకు అంటవు. ఇంగ్లండులో బి.బి.సి. వాళ్ళు చేసిన ఒక యంత్రంలో టేపు సెకనుకు 200 అంగుళాలు పరిగెత్తేది. బండిచక్రమంత టేపుచుట్ట పావుగంటలో అయిపోయేది! అమెరికాలో ఆంపెక్స్ కంపెనీలో చార్లెస్ గిన్స్‌బర్గ్, ఆయన సహచరులు వేరే కిటుకు పన్నారు. టేపును సెకనుకు 15 అంగుళాల చొప్పున నెమ్మదిగానే పోనిచ్చి, దాన్ని రాసే తలలనే గిరగిరా తిప్పారు. నాలుగు తలలున్న చక్రం నిమిషానికి 14,400 చుట్లు తిరిగేది. 1956లో ఈ యంత్రాన్ని చూపినప్పుడు జనం విస్తుపోయారు. దాని ఖరీదు ఇంచుమించు 50,000 డాలర్లు. టేపు వెడల్పే రెండంగుళాలు. అటువంటిది ఇళ్ళలో ఎవరు పెట్టుకోగలరు?

ఇళ్ళలో పెట్టుకోదగిన యంత్రాన్ని 1975లో జపానుకు చెందిన సోనీ కంపెనీ తెచ్చింది. దాని పేరు బీటామాక్స్. టేపు అర అంగుళం వెడల్పున పుస్తకమంత డబ్బీలో ఇమిడి ఉండేది. మొదట్లో ఒక డబ్బీలో గంటసేపు బొమ్మ పట్టేది. సాయంత్రం ఇంట్లో లేకపోయినా గడియారం పెట్టిపోతే, యంత్రమే కార్యక్రమాన్ని పట్టి ఉంచేది.

దీన్ని చూసి జనం సంతోషించారు గాని సినిమాలు తీసేవాళ్ళు సంతోషించలేదు. 1976లో యూనివర్సల్, డిస్నీ కంపెనీలు సోనీ మీద దావా వేశాయి. "మా చిత్రాలను మా అనుమతి లేకుండా ఇళ్ళలో కాపీ చేసుకుంటున్నారు. అందుకు యంత్రం అమ్మినవాళ్ళే బాధ్యులు," అని వాళ్ళ వాదన. యంత్రం కొని కార్యక్రమాలు పట్టుకున్న ఒక ఇంటాయనను కూడా ప్రతివాదుల్లో చేర్చారు. కాని ఆయన దగ్గర పైసా కూడా కోరలేదు! ఇళ్ళలో ఇలా జరుగుతున్నదని కోర్టుకు చూపటానికి ఒక మనిషి కావాలి, అంతే.

లాస్ ఏంజిలిస్‌లోని కోర్టు 1979లో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. 1981లో పై కోర్టు ఆ తీర్పును తిరగవేసింది. అప్పటికే లక్షల ఇళ్ళలో ఈ యంత్రాలున్నాయి. ఆ తీర్పు నిలిస్తే వాటిని అమ్మటమే నేరమయేది. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు 1983 జనవరిలో వాదనలు విన్నారు. ఎటూ తేల్చక అక్టోబరులో మళ్ళీ విన్నారు. లోపల మొదట మొగ్గు సినిమా కంపెనీల వైపే ఉండినట్టు తరవాత బయటపడిన కాగితాలవల్ల తెలిసింది.

ఈ కేసులో సాక్ష్యం చెప్పినవారిలో ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన ఉన్నాడు. ఆయన చిన్నపిల్లలకోసం టెలివిజనులో ఒక కార్యక్రమం నడిపేవాడు. అమెరికాలో ఆయనను ఎరగని పిల్లలుండేవాళ్ళు కారు. తన కార్యక్రమాన్ని ఎవరైనా పట్టి ఉంచుకుని, ఇంటిల్లిపాదీ కుదిరిన వేళకు కలిసి చూస్తే తనకేమీ అభ్యంతరం లేదని ఆయన చెప్పాడు. స్టేషనువాడు ఏ వేళకు పంపితే ఆ వేళకే జనం కూర్చోవాలనటం ఆయనకు నచ్చలేదు. పెద్ద పెద్ద లాయర్ల వాదనలకన్న ఈ పిల్లల మాస్టారి మాట నాకు సూటిగా కనిపిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పులో కూడా ఆయన మాటను ఉదహరించారు.

1984 జనవరి 17న తీర్పు వచ్చింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఒక్క ఓటు తేడాతో సోనీ గెలిచింది! ఇంట్లో చూసుకోవటానికి కార్యక్రమాన్ని పట్టి, వేరే వేళకు చూడటం తప్పు కాదనీ, సవ్యమైన పనికి ఉపయోగపడే యంత్రాన్ని అమ్మటం నేరం కాదనీ న్యాయమూర్తి స్టీవెన్స్ రాశాడు. ఒక సంగతి మరవకూడదు. ఈ తీర్పు గాలిలో ఉచితంగా వచ్చే ప్రసారాలను గురించినది. పట్టినవాటిని అమ్ముకోవచ్చునని అందులో ఎక్కడా లేదు.

తమాషా ఏమిటంటే, కేసు గెలిచిన బీటామాక్స్ బజారులో ఓడిపోయింది. జె.వి.సి. కంపెనీ తెచ్చిన వి.హెచ్.ఎస్. అనే పద్ధతి నెగ్గింది. 1988లో సోనీ కంపెనీయే వి.హెచ్.ఎస్. యంత్రాలు చెయ్యసాగింది!

ఇక తాళం సంగతి. కేబుల్ కంపెనీలు కొన్ని కార్యక్రమాలకు ప్రత్యేకంగా డబ్బు పుచ్చుకోవటం మొదలుపెట్టాక, వాటిని తారుమారు చేసి పంపి, సరిచేసే పెట్టెను అద్దెకిచ్చాయి. దాంతో ఇంట్లోని టేపుయంత్రానికి కష్టం వచ్చిపడింది. దానికి తనంతట తాను దారి మార్చటం రాదు. అది అద్దెపెట్టె చేతిలో ఉన్నది. పెట్టె ఒకసారికి ఒక కార్యక్రమాన్నే బయటికి పంపుతుంది. కనక ఒకటి చూస్తూ ఇంకొకటి పట్టటం కుదరదు. కొందరు ఏం చేశారంటే, కంటికి కనపడని పరారుణ కాంతినిచ్చే చిన్న దీపాన్ని అద్దెపెట్టె కన్నుకు అతికించి, దాన్ని తమ యంత్రానికి కలిపారు. వేళ కాగానే యంత్రం ఆ దీపాన్ని మినుకుమినుకుమనిపిస్తుంది. ఎవరో మనిషి రిమోట్ నొక్కారనుకుని పెట్టె దారి మారుస్తుంది!

"ఇంత అవస్థ దేనికి? పెట్టెను మనమే కొనుక్కుంటే సరిపోదా?" అని మీరడగవచ్చు. అమెరికావాళ్ళూ అదే అడిగారు. అలా అడగటానికి వాళ్ళకొక పాత ఉదాహరణ ఉన్నది. ఆ దేశంలో పూర్వం టెలిఫోన్లన్నీ టెలిఫోను కంపెనీవే. దానికి బయటి వస్తువు ఏదీ తగిలించకూడదని నియమం. ఒక కంపెనీ ఫోను నోటికి తొడిగే గిన్నెలాంటిది అమ్మేది. అది తొడిగి మాట్లాడితే పక్కవాళ్ళకు వినపడదు. టెలిఫోను కంపెనీ దానికి కూడా అడ్డు చెప్పింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే తప్పు లేనప్పుడు, గిన్నె అడ్డం పెడితే తప్పేమిటని 1956లో న్యాయస్థానం తేల్చింది. 1968లో టెక్సస్ రాష్ట్రంవాడైన థామస్ కార్టర్ చేసిన ఒక యంత్రం విషయంలో ప్రభుత్వ సంఘమే ఆ పాత నియమాన్ని కొట్టివేసింది. అక్కణ్ణించి ఎవరి ఫోను వాళ్ళు కొనుక్కోవటానికి దారి ఏర్పడింది.

కేబుల్ పెట్టెకు కూడా ఆ న్యాయమే జరగాలని 1996లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. పెట్టెలు బజారులో దొరకాలి. కాని తాళంచెవి కంపెనీ దగ్గరే ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదరాలి? చివరకు తాళంచెవిని పెట్టెనుంచి విడదీసి చిన్న కార్డులో పెట్టారు. దాని పేరు కేబుల్‌కార్డు. అది 5 మిల్లీమీటర్ల మందాన, అరచేతిలో పట్టేటంత ఉంటుంది. కార్డును కంపెనీ దగ్గర నెలసరి రుసుముకు తెచ్చుకుని, మనం కొన్న యంత్రంలో దోపుకోవాలి. 2004 నుంచి ఈ కార్డులు ఇళ్ళకు వచ్చాయి.

దోపగానే బొమ్మ వచ్చేది కాదు. తెరమీద కార్డు నంబరూ, యంత్రం నంబరూ, ఇంకొక నంబరూ కనిపించేవి. వాటిని ఫోనులో కంపెనీవాళ్ళకు చదివి చెప్పాలి. వాళ్ళు ఒక్క అంకె తప్పు రాసుకున్నా తాళమున్న కార్యక్రమాలు వచ్చేవి కావు. అంతా సరిగా కుదిరితే మాత్రం భలేగా ఉండేది. 1999లో వచ్చిన టీవో అనే యంత్రం టేపుకు బదులు కంప్యూటరు డిస్కుమీద బొమ్మను పట్టేది. 2006లో దానికి కార్డు దోపే చోటు వచ్చింది. 2011లో వచ్చిన హెచ్.డి. హోమ్‌రన్ ప్రైమ్ అనే చిన్నపెట్టెలో కార్డు దోపి, దాన్ని కంప్యూటరుకు కలిపితే ఒకేసారి మూడు కార్యక్రమాలు పట్టవచ్చు. అద్దెపెట్టె అక్కర్లేదు. అతికించే దీపం అక్కర్లేదు.

అయినా ఇది సగం గెలుపే. ప్రతి కార్యక్రమంతోనూ ఒక గుర్తు వచ్చేది. "ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు", "ఒక్కటే", "అసలు వద్దు"—వీటిలో ఏదో ఒకటి. "ఒక్కటే" అనే గుర్తు ఉన్నదాన్ని ఏ యంత్రంలో పట్టామో అందులోనే చూడాలి. యంత్రం పాడైతే పట్టినదంతా దానితోనే పోయినట్టు. 2002లో పుట్టిన మిత్‌టీవీ అనే ఉచిత కంప్యూటరు ప్రోగ్రాము వాడేవాళ్ళకు మొదటి గుర్తు ఉన్నవి మాత్రమే దక్కేవి. ఇంతేగాక, కొన్ని ఊళ్ళలో అందరూ చూడని కార్యక్రమాలను అడిగినప్పుడే తీగలోకి పంపేవాళ్ళు. కార్డుకు తిరిగి అడగటం రాదు. దాని తరఫున అడగటానికి ఇంకొక పెట్టె! ఇంత తతంగం పడలేక చాలామంది అద్దెపెట్టెతోనే సరిపెట్టుకున్నారు. 2015లో ఇద్దరు సెనేటర్లు విచారించి చూస్తే, డబ్బు కట్టి టెలివిజను చూసే ఇళ్ళలో నూటికి 99 పెట్టెలు అద్దెకే తెచ్చుకున్నట్టూ, సగటున ఏడాదికి 231 డాలర్లు అందుకే కడుతున్నట్టూ తేలింది. కార్డు లేకుండానే సొంత యంత్రాలు పనిచేసే పద్ధతి ఒకటి 2016లో ప్రభుత్వ సంఘం ముందుకు వచ్చింది గాని, అది ఓటుదాకా పోకుండానే ఆగిపోయింది. 2020 సెప్టెంబరులో కార్డులు ఇచ్చి తీరాలన్న నియమాన్నే ఎత్తివేశారు. ఆ తరవాత కొన్ని కంపెనీలు కొత్త కార్డులు ఇవ్వటం మానుకున్నాయి. కప్పుమీద ఏరియల్ పెట్టుకుని, గాలిలో తాళం లేకుండా వచ్చేవాటిని సొంత డిస్కుమీద పట్టుకునేవాళ్ళు మాత్రం అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

మన దేశంలో 2012 నుంచి విడతలవారీగా కేబుల్‌కు పెట్టె తప్పనిసరి అయింది. ఒక కంపెనీ పెట్టె ఇంకొక కంపెనీ తీగకు సాధారణంగా పనిచెయ్యదు. కంపెనీ మారినా నంబరు మారని ఫోనులాగా, కంపెనీ మారినా పెట్టె మారకూడదని టెలికాం నియంత్రణ సంఘం 2020లో ప్రభుత్వానికి సిఫారసు చేసింది. కొన్ని పెట్టెలకు వెనక చిన్న సందు ఉంటుంది. అందులో పెన్‌డ్రైవు పెట్టి కార్యక్రమాన్ని పట్టవచ్చు. కాని దాన్ని తీసుకుపోయి కంప్యూటరులో పెడితే చాలాసార్లు బొమ్మ రాదు. ఎందుకు రాదో ఇప్పుడు మీకు తెలుసు. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ వేరు. దానికి నెలసరి రుసుము లేదు. గిన్నె ఏరియలూ, పెట్టే బజారులో కొనుక్కోవచ్చు.

ఈ నెల లెక్క: ఒక కార్యక్రమం సెకనుకు 40 లక్షల అంకెల చొప్పున వస్తున్నది. ఎనిమిది అంకెలు ఒక బైటు. 32 గిగాబైట్ల, అంటే 3,200 కోట్ల బైట్ల పెన్‌డ్రైవులో ఎన్ని గంటల కార్యక్రమం పడుతుంది? అమెరికాలో నాణ్యమైన బొమ్మకు సెకనుకు కోటిన్నర అంకెలు వచ్చాయనుకుంటే అదే పెన్‌డ్రైవులో ఎంతసేపు పడుతుంది? కాగితంమీద వేసి చూడండి. జవాబు వచ్చే నెల.